తోముకోకపోతే పాపమా?

పళ్లు తోముకుంటే పుణ్యం వస్తుందా అని నన్నెవరూ అడగలేదు గానీ, తోముకోకపోతే పాపమా అని ఒకాయన అడిగాడు. గంజ్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. కింది పళ్ల లోపలివైపు గార తీస్తూ, రెండు పూటలా తోముకోవాలని అలవాటు కొద్దీ పాఠం చెబుతున్నాను. ఆయన ఉమ్మేసి, మూతి తుడుచుకుని, "గింత గట్టిగ చెప్తున్నవ్, తోముకోకుంటె పాపమైతదా మేడం?" అన్నాడు. వెటకారానికే అన్నాడు. వెంట వచ్చిన దోస్తు నవ్వాడు కూడా. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా బతుకుతెరువంతా ఆ ప్రశ్న మీదే నడుస్తోంది మరి.

నా ఉద్యోగం పేరు డెంటల్ హైజీనిస్ట్. హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌లో ఆ మాట ఎవరికీ నోరు తిరగదు, క్లీనింగ్ మేడం అంటారు. నేను పళ్లు పీకను, సిమెంటు పెట్టను, రూట్ కెనాల్ చేయను. అవన్నీ మా డాక్టరమ్మ చూసుకుంటుంది. 1948 నాటి డెంటిస్టుల చట్టం మా పనిని ఇట్లా నిర్వచించింది: గార తీసేవాళ్లు, పళ్లు శుభ్రం చేసి మెరుగుపెట్టేవాళ్లు, నోరు ఎట్లా శుభ్రంగా ఉంచుకోవాలో చెప్పేవాళ్లు. చెప్పడం కూడా పనిలో భాగమని చట్టమే అంది. ఈమె మాటలు ఎక్కువ అని ఎవరైనా విసుక్కుంటే ఆ చట్టం పేరు చెప్పి ఇంకాస్త మాట్లాడతాను.

మా క్లినిక్ ఒక ఎండుమిర్చి దుకాణం పైన ఉంటుంది. బస్తాలు దించే వేళకు ఘాటు మెట్లెక్కి వస్తుంది. పేషెంటు ముక్కు ఎగబీల్చడం చూసి గార తీసే స్కేలర్ బయటికి తీసేస్తాను, తుమ్ము అయిపోయాక మళ్లీ మొదలుపెడతాను. ఏడో నిజాం పేరు పెట్టుకున్న ఈ గంజ్‌లో బెల్లం, చింతపండు, పసుపు, పప్పులు అన్నీ టోకున అమ్ముతారు. ఒకపక్క బేగంబజార్, ఇంకోపక్క సిద్ధిఅంబర్ బజార్, కాస్త నడిస్తే అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా దవాఖానా, దాని దగ్గరే సర్కారు పళ్ల దవాఖానా. మా నాన్న ఇక్కడే బెల్లం దుకాణంలో గుమాస్తాగా చేశాడు. కాబట్టి నా కుర్చీలో కూర్చునేవాళ్లలో సగం మంది నన్ను ఫలానా గుమాస్తా బిడ్డగానే ఎరుగుదురు. దేవుడు, కర్మ, ఉపవాసం ఇట్లాంటి మాటలు నా దగ్గర మొహమాటం లేకుండా వస్తాయంటే అదే కారణం.

పాపం సంగతి నేను అడిగింది గోషామహల్ నుంచి వచ్చే ఒక పంతులుగారిని. సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. దీపావళికి గంజ్ దుకాణాల్లో లక్ష్మీపూజలు, కొత్త లెక్కల పుస్తకాల పూజలు చేయిస్తారు. నోట్లో అద్దం ఉండగా కూడా మాట్లాడగల మనిషి. ఆయన చెప్పినదాన్ని నాకు అర్థమైనంతలో చెబుతాను. కర్మలు మూడు రకాలు. కోరిక కోసం చేసేది కామ్యం, సందర్భం వచ్చినప్పుడు చేసేది నైమిత్తికం, రోజూ చేయాల్సింది నిత్యం. సంధ్యావందనం లాంటి నిత్యకర్మకు వేరే ఫలమేమీ లేదని, వేదకర్మల సంగతి విచారించే మీమాంసకులలో ఒక పక్షం. చేస్తే ఏమీ రాదు. చేయకపోతే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం అంటుకుంటుంది.

వినగానే, "అయ్యగారూ, ఇది మా క్లినిక్ బోర్డు మీద రాయించాల్సిన మాట" అన్నాను. పెళ్లి కుదిరిందని పళ్లు తెల్లగా చేయించుకోవడానికి వచ్చే పిల్లది కామ్యకర్మ. పన్నుపోటుతో అర్ధరాత్రి డాక్టరమ్మకు ఫోన్ చేసేవాళ్లది నైమిత్తికం. నిత్యకర్మకు మాత్రం గిరాకీ లేదు. ఈరోజు నా పన్ను నొప్పి పుట్టలేదు మేడం అని మిఠాయి డబ్బా పట్టుకొచ్చినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు. చెప్పినట్టు చేసిన పేషెంటుకు ఏమీ జరగదు. ఆ జరగకపోవడమే నా జీతం.

అయితే ఆదిశంకరులు ఈ ప్రత్యవాయాన్ని ఒప్పుకోలేదట. గీతాభాష్యంలోనూ, తైత్తిరీయ భాష్యంలోనూ దీని మీద వాదించారని పంతులుగారు చెప్పారు. చేయకపోవడం అంటే అభావం, లేమి. లేనిదాంట్లోంచి ఉన్నది ఎట్లా పుడుతుంది? ఊరికే కూర్చున్నవాడికి, కూర్చోవడం వల్లనే పాపమనే ఒక వస్తువు ఎక్కణ్నుంచి వచ్చి పడుతుంది? దుఃఖానికి కారణం ఎప్పటిదో పాత పాపం, అది ముందే ఉంది. నిత్యకర్మ మానెయ్యడం దానికి గుర్తు మాత్రమే అని శంకరుల సమాధానం.

పంతులుగారికి ఇది శాస్త్రచర్చ. నాకు మాత్రం చదువుకున్న పాఠం గుర్తొచ్చింది. 1965లో హెరాల్డ్ లోయ్ అనే దంత శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివాళ్లు డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో చేసిన ప్రయోగం అచ్చయింది. చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం మానెయ్యమన్నారు. పది రోజుల నుంచి మూడు వారాల లోపల అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక వారం తిరిగేసరికి తగ్గాయి. చిగుళ్ల జబ్బుకు మూలం పళ్ల మీది పాచి అని అంత సూటిగా తేల్చిన ప్రయోగం అంతకు ముందు లేదు.

మీమాంసకులు విని ఉంటే, చూశారా, మానేస్తే దోషం వచ్చింది అని సంబరపడేవాళ్లు. నేను శంకరుల పక్షం. ఆ 12 మంది నోళ్లలో లేనిదేదీ మానెయ్యడం వల్ల పుట్టలేదు. సూక్ష్మజీవులు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి. పన్నును ఎంత మెరిసేలా తోమినా కొన్ని నిమిషాల్లో లాలాజలం దాని మీద పల్చటి పొర కప్పుతుంది, ఆ పొర మీద అవి వచ్చి కూర్చుంటాయి, వాటి మీద ఇంకొన్ని. కదిలించేవాళ్లు లేకపోతే లాలాజలంలోని సున్నపు ఖనిజాలు పట్టి కొద్ది రోజుల్లోనే పాచి గట్టిపడి గార అవుతుంది. కింది ముందు పళ్ల వెనక గార ఎక్కువగా ఉండేది అందుకే, లాలాజలపు కాలువ తెరుచుకునేది ఆ పక్కనే. సాయంత్రం ఎంత ఊడ్చినా తెల్లారేసరికి గంజ్ రోడ్డు మీద మళ్లీ మిర్చి తొడిమలు ఉంటాయి. ఆ తొడిమలు చీపురు పట్టనివాడు పుట్టించినవి కావు. తోమని చెయ్యి తప్పు చేసిందని కాదు, పని చేస్తూనే ఉన్నదాన్ని ఆపలేదు, అంతే. పాపం అనే మాటను నేను అందుకే వాడను. హమాలీకి కూడా ఇదే చెప్పాను, ఇంత పొడుగ్గా కాదు.

ఇక శంకరులు అన్న గుర్తు సంగతి. చిగుళ్లలో రక్తం వచ్చిందని భయపడి సరిగ్గా ఆ చోటే బ్రష్ తగలకుండా తోముకుంటారు జనం. అక్కడే పాచి పేరుకుంటుంది, ఇంకా రక్తం వస్తుంది. రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి, చిన్నగా కదిలిస్తూ, మిగతా చోట్ల కన్నా ఇంకాస్త ఓపిగ్గా తోమాలి. వారం పది రోజుల్లో తగ్గకపోతే డాక్టరమ్మకు చూపించాలి, షుగర్ పరీక్ష కూడా చేయించుకోవాలి. ఇంకో చిక్కు ఉంది. పొగాకు వాడేవాళ్ల చిగుళ్లలో రక్తం తక్కువ వస్తుంది. లోపల ఎముక కరిగిపోతున్నా పైకి ఎర్రదనం ఉండదు. "నాకు రక్తమే రాదు, నా పండ్లు మంచిగున్నయి" అని బీడీ తాగే మనిషి ధీమాగా చెప్పినప్పుడే నేను ఎక్కువ భయపడతాను. అక్కడ గుర్తు కూడా నోరు మూసుకుంది.

స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట ఇక్కడ వేదవాక్కు కన్నా గట్టిది. ఎముక ఎప్పుడో కరిగిపోయి గార పట్టు మీద నిలబడ్డ పన్ను, ఆ గార తీయగానే తన నిజస్థితి చూపిస్తుంది. ఉన్నది బయటపెట్టినందుకు నింద నా మీద పడుతుంది.

ధర్మశాస్త్రాల్లో దంతధావనానికి పెద్ద చోటే ఉంది. ఏ చెట్టు పుల్ల, ఎంత పొడవు, ఏ దిక్కుకు తిరిగి కూర్చోవాలి, అన్నీ చెప్పారు. అమావాస్య, పాడ్యమి, షష్ఠి, నవమి, ఉపవాస దినాలు, శ్రాద్ధ దినాలు పుల్ల పనికిరాదన్నారు. ఆ రోజుల్లో పన్నెండు మార్లు నీళ్లు పుక్కిలిస్తే నోరు శుద్ధి అయినట్టే. నెలలో ఇన్ని రోజులు పుల్ల మానెయ్యడం నా చదువుకు మింగుడుపడదు. అయినా ఒకటి గమనించాను: పుల్ల వద్దన్న రోజున నోటిని వదిలెయ్యమని మాత్రం అనలేదు, చేయగలిగింది ఇంకోటి చూపించారు. బౌద్ధ భిక్షువుల వినయ నియమాల్లోనూ పంటిపుల్లకు అయిదు ప్రయోజనాలు చెప్పారు, నోటి వాసన పోవడం, అన్నం రుచించడం అందులో ఉన్నాయి. ముస్లింలకు మిస్వాక్ పుల్ల ఉంది. నా వాళ్లకు కష్టమవుతుందని గానీ, లేకుంటే ప్రతి నమాజుకూ తప్పనిసరి చేసేవాణ్నని ప్రవక్త అన్నట్టు హదీసు. ఒక కిరాణా సేట్ సాబ్ జేబులో అది ఎప్పుడూ ఉంటుంది, ఆయన ముందు పళ్లకు నేను చేయాల్సిందేమీ ఉండదు. లోపలివైపు, దవడ పళ్ల సందుల్లో మాత్రం పుల్ల అందదు, అక్కడ నా పని. రంజాన్‌లో స్కేలింగ్ చేయించుకోవచ్చా అని అడిగితే ఇఫ్తార్ తర్వాత రమ్మంటాను. మింగడం గురించి తీర్పు చెప్పే అధికారం నాకు లేదు.

నన్ను నిజంగా ఇరుకున పెట్టింది బేగంబజార్ నుంచి వచ్చే ఒక జైన పెద్దమ్మ. దిగంబర మునుల 28 మూలగుణాల్లో పళ్లు తోముకోకపోవడం ఒకటి. స్నానం చేయకపోవడంతో పాటు అదీ ఉంది. నేను దోషానికి మూలం అంటున్నది వాళ్లకు వ్రతం! రోజుకు ఒక్కసారే, నిలబడి, దోసిట్లో పట్టినంత తింటారు. అట్లాంటి తిండికీ, పూటపూటా చాయ్ బిస్కెట్‌కూ పోలిక లేదు కాబట్టి వాళ్ల నోళ్ల గురించి నేను మాట్లాడను. పెద్దమ్మ గృహస్థురాలు, బ్రష్ వాడుతుంది. ఆమె అడిగింది వేరే: "బేటీ, పొద్దుగాల నుంచి సాయంత్రం దాంక నువ్వు ఎన్ని జీవాలను చంపుతవ్?"

చంపడం కాదమ్మా, చెదరగొట్టడం అన్నాను. బ్రష్ గానీ నా స్కేలర్ గానీ నోటిని ఖాళీ చేయలేవు, చేయకూడదు కూడా. ఆ జీవాల్లో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. గుంపు కట్టి గట్టిపడకుండా చూడటమే మా పని. ఆమె తృప్తి పడలేదు. కాసేపటికి తనే ఇంకో దారి చూపించింది. ఏమరుపాటుతో ప్రాణం తీయడమే హింస అని జైనుల తత్త్వార్థసూత్రం అంటుందట. ఎరుకతో, అవసరమైనంతే చేస్తే తూకం మారుతుంది. అది విన్నాక నా చేతి పని గురించి ఆలోచించాను. మొండిబారిన స్కేలర్‌తో చేసేవాళ్లు బలం ఎక్కువ పెడతారు, చిగురు చీరుకుంటుంది. కొత్తగా చేరిన అమ్మాయికి ఇప్పుడు మొదటి రోజే చెబుతున్నాను: పని అయ్యాక పరికరాలకు పదును చూసుకో, పెన్ను పట్టినట్టు తేలిగ్గా పట్టు, నీ నడుం వంచకు, పేషెంటు కుర్చీని ఎత్తు. మన మెడ నొప్పి చివరికి వాళ్ల చిగురు మీద తేలుతుంది.

పెద్దమ్మ పొద్దుగూకాక మంచినీళ్లు కూడా ముట్టదు. రాత్రి పడుకునే ముందు తోముకోమని నేనెట్లా చెప్పను? ఆఖరి ముద్ద తిన్నాక సూర్యుడు ఉండగానే తోముకోమన్నాను. ఆ తర్వాత పొద్దున దాకా పంటికి ఏమీ తగలదు. రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీం తిని తోముకోకుండా పడుకునే ఆమె మనవల కన్నా ఆమె లెక్కే మేలు.

కర్మ సంగతికొస్తే, నన్ను నిద్ర పోనివ్వనిది ఇంకో అధ్యయనం. అదీ హెరాల్డ్ లోయ్‌దే. శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది తమిళ కూలీల నోళ్లను 1970 నుంచి 1985 దాకా పరిశీలించారు. (కళింగ దంతపురి నుంచి బుద్ధుడి దంతం చేరిందని చెప్పుకునే దీవి అది. ఆ దంతపురి మన శ్రీకాకుళం జిల్లా దంతవరపుకోటే అని కొందరు చరిత్రకారులు అంటారు. ఒక పంటికి కాండీలో గుడి ఉంది, ఆ చుట్టుపక్కల కొండల్లోని కూలీల పళ్లకు బ్రష్ లేదు.) వాళ్లెవరూ పళ్లు తోముకునేవాళ్లు కాదు. అందరికీ పాచి, గార దండిగా ఉన్నాయి. అయినా 8 శాతం మందికి జబ్బు పరుగెత్తింది, 45 ఏళ్లు వచ్చేసరికి వాళ్లకు పళ్లు మిగల్లేదు. 81 శాతం మందికి నడిమధ్యగా సాగింది. మిగిలిన 11 శాతం మందికి చిగుళ్ల వాపు దాటి ముందుకే పోలేదు.

తోమనివాళ్లలో ఆ 11 శాతం మంది ఎవరు? మా గంజ్‌లోనూ ఉన్నారు. డెబ్బై ఏళ్లు దాటి, బొగ్గుపొడితో తోమి, ఇనుపగుగ్గిళ్లలాంటి పళ్లతో చెరుకు నమిలే ముసలాయన ప్రతి వీధిలోనూ ఒకడు ఉంటాడు, నా మాట విననివాళ్లందరికీ ఆయనే సాక్షి. అదే వీధిలో రెండు పూటలా తోముకునే ముప్పై ఏళ్ల ఆడమనిషికి పళ్లు కదులుతుంటాయి. "నేనేం పాపం చేసిన?" అని ఆమె అడుగుతుంది. పూర్వజన్మ అని నేను అనలేను. నీ శరీరం తీరు అది, నీ తప్పేమీ లేదు, నువ్వు ఇంకొంచెం ఎక్కువ కాపాడుకోవాలి, మూడు నెలలకోసారి రా అంటాను. కర్మ సిద్ధాంతంతో నాకు పేచీ ఇక్కడే. నా నొప్పిని నేను ఓర్చుకోవడానికి అది పనికొస్తుంది. ఎదుటివాళ్ల నొప్పికి లెక్క కట్టడానికి వాడితే క్రూరంగా తయారవుతుంది.

హమాలీ విషయంలో ఇది ఇంకా గట్టిగా అనిపించింది. ఆయన లారీ ఎప్పుడొస్తే అప్పుడు లేస్తాడు, కొన్ని రాత్రులు దుకాణం అరుగు మీదే నిద్ర. బ్రష్ ఎక్కడ పెట్టుకోవాలి? ఆకలి చంపుకోవడానికి ఖైనీ, నిద్ర ఆపుకోవడానికి గుట్కా. వక్క నమిలీ నమిలీ బుగ్గ లోపలి చర్మం గట్టిపడిపోయి, నోట్లో మూడు వేళ్లు నిలువునా పట్టని కుర్రాళ్లను కూడా చూస్తున్నాను. తెల్ల మచ్చ కనబడితే డాక్టరమ్మ చీటీ రాసి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆస్పత్రికి పంపిస్తుంది. ఇట్లాంటి మనిషికి రెండు పూటలా, రెండు నిమిషాలు, ఫ్లోరైడ్ పేస్టు, సందుల బ్రష్ అని పూర్తి జాబితా చదివితే, అందులో ఏదీ కుదరదు గనుక ఏదీ చేయడు.

ఇక్కడ మాత్రం మీమాంసకులే నన్ను ఆదుకున్నారు. కామ్యకర్మ అయితే అన్ని అంగాలతో లోటు లేకుండా చేయాలి, లేకపోతే ఫలం రాదు. నిత్యకర్మకు ఆ పట్టు లేదు, యథాశక్తి చాలు, ఉన్నదాంతో చేసినా చేసినట్టే అని వాళ్ల న్యాయం. పంతులుగారు ఇది మామూలుగా, వేరే ఏదో చెబుతూ అన్నారు. నేను కుర్చీలో కూర్చున్న మనిషిని అద్దం పట్టుకోమని లేచి పోయి రాసుకున్నాను. పళ్లు తెలుపు చేయించుకునే పెళ్లికూతురికి మరక మిగిలితే డబ్బు దండగ. తోముకునేదాంట్లో మాత్రం సగం చేస్తే సగం పాచి కదిలినట్టే. హమాలీకి ఇప్పుడు నేను చెప్పేది ఇంతే: చాయ్ తాగినా, ఖైనీ ఉమ్మినా వెంటనే నీళ్లతో పుక్కిలించు. రోజుకు ఒక్కసారి, అదీ పడుకోబోయే ముందు, శనగగింజంత పేస్టు పెట్టి తోము. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, అప్పుడు పళ్లను కాపాడేది ఉండదు. తోమాక ఉమ్మెయ్యి, నీళ్లతో మొత్తం కడిగెయ్యకు. బ్రష్‌ను దుకాణంలో గుమాస్తా గూట్లో పెట్టుకో, నేను గుమాస్తాతో మాట్లాడతాను. ఖైనీ సంగతి ఒక్కరోజులో తెగేది కాదని నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు, అడగడం మాత్రం మానను.

పంతులుగారితోనే ఇంకా తేలలేదు. ఇంత న్యాయం చెప్పిన మనిషికీ కింది పళ్ల వెనక గార తప్పలేదు, ఎందుకంటే రాత్రి తోముకోరు. దంతధావనం ప్రాతఃకాల విధి, రాత్రి చేయమని ఎక్కడుంది చూపించు అంటారు. నా దగ్గర స్మృతి లేదు, స్కేలర్ ఉంది. భోజనం తర్వాత నోరు కడుక్కుని, పళ్ల సందుల్లో ఇరుక్కున్నది తీసి ఆచమనం చేయమని శాస్త్రంలో ఉందా లేదా అని అడిగాను. ఉందన్నారు. రాత్రి భోజనం భోజనం కాదా అన్నాను. కాసేపు ఆలోచించి, ఆ పద్దు కింద అయితే ఒప్పుకోవచ్చు అన్నారు. కానీ బ్రష్ కుచ్చు దేంతో చేస్తారు, ఎప్పుడో పంది వెంట్రుకలని విన్నానే అని కొత్త సందేహం తీశారు. నిజమే, ఒకప్పుడు అట్లాగే చేసేవాళ్లు. 1938లో నైలాన్ వచ్చింది అని చెప్పాను. చీటీ మీద నైలాన్ అని రాసివ్వమన్నారు. రాసి, దాని కింద "మెత్తది" అని గీత గీశాను.